పల్టీలు నేర్పే బడి కోసం

శ్రీహరికోటలో 39 ఏళ్లు ఉద్యోగం చేశాను. శాస్త్రవేత్తను కాను. టెక్నీషియన్‌గా చేరి, బోల్టులు బిగించడంతో మొదలుపెట్టి, ఇంకొకరు బిగించిన బోల్టులు తనిఖీ చేసే దాకా వచ్చి 2018లో రిటైరయ్యాను. అన్నేళ్లలో నాకు బాగా ఒంటబట్టిన సంగతి ఒక్కటే. ఆకాశంలోకి వెళ్లేది ఏదైనా సరే, గీసిన గీత మీదే వెళ్లాలి. గీత దాటిందా, ఇక దాన్ని నమ్మకూడదు.

అలాంటి నాకు ఓ ఆదివారం పొద్దున్నే అమెరికా నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది.

"నాన్నా, విమానాన్ని తలకిందులు చెయ్యడం నేర్చుకుందామనుకుంటున్నా!"

కాఫీ గ్లాసు నోటి దాకా వెళ్లి ఆగిపోయింది. వంటింట్లోంచి మా ఆవిడ తొంగిచూసి "ఏందంట?" అంది. "ఏం లేదులే" అన్నాను. ముప్పై తొమ్మిదేళ్ల ఉద్యోగంలో నేర్వని అబద్ధం ఆ ఒక్క నిమిషంలో వచ్చేసింది.

మా అమ్మాయి డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. శని, ఆదివారాల్లో చిన్న విమానం నడపడం నేర్చుకుని ప్రైవేట్ పైలట్ లైసెన్సు తెచ్చుకుంది. ఆ సంగతే మాకు లైసెన్సు వచ్చాక చెప్పింది. సరే, కారు నడిపినట్టే విమానం నడుపుతోంది కదా అని సర్దుకున్నాం. ఇప్పుడు ఈ పల్టీల గోల ఏమిటి?

నా భయానికి కారణం ఉంది. 1980 జూన్ 23. నేను ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది. అంతకుముందు 1979 ఆగస్టు 10న మా తొలి ఎస్ఎల్‌వీ-3 ఎగిరిన 317 సెకన్లకు బంగాళాఖాతంలో పడిపోయింది. రెండో ప్రయత్నానికి దీవి అంతా రాత్రింబవళ్లు పనిచేస్తోంది. ఆ రోజు రేడియోలో వార్త విన్నాం. ఢిల్లీలో సంజయ్ గాంధీ పిట్స్ ఎస్-2ఏ అనే చిన్న విమానంలో తక్కువ ఎత్తులో పల్టీలు కొడుతుండగా అది కూలింది. ఆయనా, పక్కనున్న పైలటూ చనిపోయారు. సరిగ్గా 25 రోజులకు, జులై 18న, మా ఎస్ఎల్‌వీ-3 రోహిణిని కక్ష్యలో పెట్టింది. ఆ ఏడాది నా బుర్రలో రెండు బొమ్మలు పక్కపక్కనే అచ్చయిపోయాయి. గీత మీద వెళ్లిన రాకెట్టు ఒకటి, గీత తప్పిన విమానం ఒకటి.

మా ఆవిడ భయం వేరు. వాళ్ల చెల్లెలు ఉండేది సికింద్రాబాద్ దగ్గర బోయినపల్లిలో. 2010 మార్చి 3న బేగంపేటలో జరిగిన విమాన ప్రదర్శనలో నౌకాదళ సాగర్ పవన్ బృందం విమానం ఒకటి ఆ పేటలోనే ఇళ్ల మీద కూలింది. ఇద్దరు పైలట్లూ ప్రాణాలు కోల్పోయారు. చెల్లెలు ఫోనెత్తే దాకా ఈవిడ ఇంట్లో నిలబడలేదు, కూర్చోలేదు. అలాంటి మనిషితో 'అమ్మాయి పల్టీలు నేర్చుకుంటుందట' అని ఎలా చెప్పను?

ఆ రాత్రి నిద్ర పట్టక పాత ఆల్బమ్ తీశాను. అందులో ఏడో తరగతి చదివేటప్పటి మా అమ్మాయి. 2002 సెప్టెంబరు 12 మధ్యాహ్నం పీఎస్ఎల్‌వీ-సీ4 ఎగిరిన రోజు. వాతావరణాన్ని గమనించే మెట్‌శాట్ ఉపగ్రహాన్ని తీసుకుని అది వెళుతుంటే, మేడ మీద చేతులు పైకెత్తి గెంతుతున్న ఫొటో. కొన్ని నెలలకే, 2003 ఫిబ్రవరి 1 శనివారం, కొలంబియా నౌక తిరిగివస్తూ ముక్కలైంది. కల్పనా చావ్లా సహా ఏడుగురు చనిపోయారు. నాలుగు రోజుల తర్వాత ప్రధాని వాజ్‌పేయి ఆ మెట్‌శాట్‌కు కల్పన-1 అని పేరు పెట్టారు. మన ఊళ్లోంచి వెళ్లిన ఉపగ్రహానికి ఆమె పేరు! మా అమ్మాయి పేపర్లోంచి కల్పన బొమ్మ కత్తిరించి బీరువా తలుపు మీద అంటించుకుంది. ఆ కాగితం పసుపు రంగుకు తిరిగి ఇప్పటికీ అక్కడే ఉంది.

ఈ మధ్యే తెలిసింది నాకు. కల్పనా చావ్లా విమానం నేర్పే టీచరు కూడా. గ్లైడర్లు, నీటి మీద దిగే విమానాలు నడిపే లైసెన్సులు ఆమెకు ఉండేవి. అన్నిటికంటే, పల్టీలు కొట్టే ఏరోబాటిక్స్ అంటే ఆమెకు ఇష్టమని నాసా ఆమె జీవిత విశేషాల్లోనే రాసింది. అంటే ఆ బీరువా తలుపు మీదున్న మనిషే మా పిల్లకు ఈ దారి చూపిందన్నమాట!

మర్నాడు ఫోన్ చేసి అడిగాను. "నిజం చెప్పు తల్లీ, సరదాకా?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. "భయానికి నాన్నా."

లైసెన్సు వచ్చిన కొన్నాళ్లకు టీచరుతో కలిసి సాధన చేస్తోందట. విమానం రెక్క గాలిని ఓ మోతాదు కోణంలోనే కోయాలి. ముక్కు మరీ పైకెత్తితే రెక్క మీది గాలి చెదిరిపోయి, మోసే బలం తగ్గిపోతుంది. దాన్ని స్టాల్ అంటారు. ఇంజను ఆగిపోవడం కాదది, రెక్క చేతులెత్తేయడం. ఆ సాధనలో ఉన్నట్టుండి ఎడమ రెక్క కూలబడింది. ఈ పిల్ల ఆదుర్దాగా చక్రాన్ని కుడికి తిప్పింది. కారయితే అదే చేస్తాం. కానీ స్టాల్ అయిన రెక్కకు అది మందు కాదు, విషం. విమానం బొంగరంలా తిరగబోయింది. టీచరు అందుకుని సరిచేశాడు. అంతా నాలుగైదు సెకన్ల ముచ్చట.

"ఆ తర్వాత ఐదు నెలలు విమానం ఎక్కలేదు. మీకు చెప్పలేదు. మళ్లీ అలా అయితే ఏం చెయ్యాలో నా చేతులకు తెలియదు నాన్నా. పుస్తకంలో చదివా. చదివితే చేతులకు రాదు."

ఆ మాట నాకు తగిలింది. బోల్టు ఎంత బిగించాలో పుస్తకంలో ఉంటుంది. చేతికి తెలిసేది మాత్రం బిగిస్తేనే.

అప్పట్నించి నేనూ చదవడం మొదలుపెట్టాను. చదివే కొద్దీ ఆశ్చర్యం. విమానాలు పుట్టిన కొత్తల్లో స్పిన్ అంటే చావే. 1912 ఆగస్టు 25న విల్ఫ్రెడ్ పార్క్ అనే బ్రిటిష్ నౌకాదళ లెఫ్టినెంట్ బొంగరంలా దిగిపోతూ, ఇక నేల తగులుతుందనగా, తిరుగుతున్న వైపుకు ఎదురుగా రడ్డర్ తొక్కి బతికాడు. ఆ మరుసటి ఏడాది, 1913 సెప్టెంబరు 9న, కీవ్‌లో ప్యోత్ర్ నెస్తెరోవ్ ఆకాశంలో నిలువుగా గుండ్రం చుట్టాడు. అదే తొలి లూప్. సర్కారు సొత్తును ప్రమాదంలో పెట్టావని పైవాళ్లు ముందు శిక్ష వేశారు, తర్వాత పదోన్నతి ఇచ్చారు! పల్టీ కొట్టడం పొగరు కాదు, విమానం ఎటు తిరిగినా నిలబెట్టవచ్చని తెలుసుకోవడం అని ఆ రోజుల్లోనే కొందరికి అర్థమైంది.

ఇంకొకటీ చదివాను. 2009 జూన్ 1న ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం అట్లాంటిక్‌లో పడి 228 మంది చనిపోయారు. స్టాల్‌లో ఉన్న విమానం ముక్కు కిందికి దించాల్సింది పోయి, పైకే లాగుతూ వచ్చారు. పెద్ద విమానం, లైసెన్సులున్న పైలట్లు. అలాంటి ప్రమాదాల తర్వాతే, అదుపు తప్పిన విమానాన్ని దారికి తెచ్చే శిక్షణ పైలట్లకు ఉండాలని ప్రపంచమంతా గట్టిగా అనుకుంది. యూరప్‌లో ఎయిర్‌లైన్ పైలట్ కాబోయేవాళ్లకు 2019 డిసెంబరు నుంచి అది తప్పనిసరి. అమెరికాలో మాత్రం ప్రైవేట్ లైసెన్సుకు స్పిన్ శిక్షణ అక్కర్లేదని 1949లోనే ఎత్తేశారు. నేర్పేవాళ్లకు తప్ప మిగతావాళ్లకు అది అడిగి నేర్చుకోవలసిన విద్యే.

2023 డిసెంబరులో అమ్మాయి సెలవు మీద వచ్చింది. ఖర్చు తక్కువవుతుంది కదా, ఇక్కడే నేర్చుకుందామని నాతోనే వెతికించింది. మా ఊరికి చెన్నై రెండు గంటల దూరం. అక్కడా, హైదరాబాద్‌లోనూ తెలిసినవాళ్లను పట్టుకుని అడిగాం. ఫోన్లు చేశాం. ప్రతిచోటా ఒకటే జవాబు. లైసెన్సుకు శిక్షణ ఉంది, ఏరోబాటిక్స్ లేదు. ఒకాయన మాత్రం కాస్త నవ్వి, "దుండిగల్‌లో చేరాల్సింది అమ్మాయి" అన్నాడు.

నిజమే. హైదరాబాద్ పక్కనున్న దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో క్యాడెట్లకు పీసీ-7 మార్క్-2 విమానం మీద తొలి దశలోనే ఈ విద్య నేర్పుతారు. 2016 జూన్‌లో దేశంలోనే తొలి మహిళా యుద్ధవిమాన పైలట్లు ముగ్గురు అక్కడి నుంచే బయటికొచ్చారు. కానీ అది సైనికుల బడి. ముప్పై నాలుగేళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఫీజు కట్టి చేరే చోటు కాదు.

పిల్ల ముఖం చిన్నబోయింది. అప్పుడు మా కలాం గారి సంగతి చెప్పాను. కుర్రతనంలో ఆయన ఎయిర్‌ఫోర్స్ పైలట్ కావాలని డెహ్రాడూన్ వెళ్లాడు. ఎనిమిది ఉద్యోగాలుంటే తొమ్మిదో స్థానం వచ్చింది. అలా తప్పిపోయిన మనిషే మా దీవికి వచ్చి ఎస్ఎల్‌వీ-3ని నడిపించాడు. 2006 జూన్ 8న, రాష్ట్రపతిగా, 74 ఏళ్ల వయసులో పుణెలో సుఖోయ్-30 ఎక్కాడు. "ఆయనంత ఆలస్యం కాలేదులే నీకు" అన్నాను. నవ్వింది. అలా అంటూనే, నాకు తెలియకుండానే ఒప్పేసుకున్నానని తర్వాత తెలిసింది.

2024 వేసవిలో మేమిద్దరం డాలస్ వెళ్లాం. అమ్మాయి అప్పటికే మూడు బళ్లు చూసిపెట్టింది. "నువ్వు తనిఖీ మనిషివి కదా, నువ్వే ఎంచు" అంది. రిటైరయ్యాక నాకు మళ్లీ ఉద్యోగం వచ్చినట్టయింది. ఓ నోటు పుస్తకం కొని ఐదు ప్రశ్నలు రాసుకున్నాను.

మొదటిది, నేర్పే మనిషి ఎవరు? ప్రదర్శనల్లో ఎన్ని చప్పట్లు కొట్టించుకున్నాడన్నది కాదు, కొత్తవాళ్లకు ఎన్నేళ్లుగా నేర్పుతున్నాడన్నది.

రెండోది, విమానం ఏది? మామూలు శిక్షణ విమానం బరువుకు 3.8 రెట్ల ఒత్తిడి దాకా ఓర్చేలా కడతారు. ఏరోబాటిక్స్‌కు తయారుచేసిన దాన్ని కనీసం ఆరు రెట్లకు కడతారు. దీన్ని 'జీ' లెక్కల్లో చెబుతారు. నాలుగు జీ అంటే 60 కిలోల మనిషికి తాను 240 కిలోలున్నట్టు అనిపిస్తుంది. మామూలు విమానంలో 'ఒక్కసారి చూద్దాం' అనేవాడు దొరికితే అక్కడి నుంచే దణ్ణం పెట్టి వచ్చేయాలి.

మూడోది, ఎంత ఎత్తులో, ఎక్కడ? అమెరికా నిబంధన ప్రకారం 1,500 అడుగుల కంటే కింద ఏరోబాటిక్స్ చేయకూడదు, జనసమ్మర్దం ఉన్న చోట అసలు చేయకూడదు. కొత్తవాళ్లకు దానికి రెండు మూడింతలు ఎత్తుండాలి.

నాలుగోది, పారాచూట్ ఉందా, దాన్ని మడత పెట్టించిన తేదీ ఎప్పటిది?

ఐదోది, విద్యార్థి 'చాలు' అంటే ఏం చేస్తారు?

మొదటి బడిలో విమానం తళతళలాడుతోంది. గోడల నిండా కప్పులు, ఫొటోలు. అక్కడి కుర్రాడు మొదటి రోజే అమ్మాయికి అన్ని రకాల పల్టీలూ చూపించేస్తానన్నాడు. పుస్తకం మూసేశాను. రెండో చోట నా మూడో ప్రశ్నకే విసుక్కున్నారు. మూడోది ఊరి బయట పాత రేకుల షెడ్డు. అరవై దాటిన మనిషి, చేతులకు గ్రీజు. సూపర్ డెకథ్లాన్ అనే రెండు సీట్ల విమానం, రెక్కలకు బట్ట తొడుగు. ఆరు జీలకు తట్టుకుంటుందని పుస్తకం తెచ్చి చూపించాడు. ఐదో ప్రశ్నకు ఆయన జవాబు నాకు బాగా గుర్తుంది. 'చాలు' అన్న మాట విన్న క్షణం రెక్కలు సమం చేసి ఇంటికి తెస్తాను, ఎందుకని అడగను అన్నాడు. మొదటి పాఠం గాలిలో అరగంటే ఉంటుందనీ, తల కంటే ముందు కడుపు అలసిపోతుందనీ చెప్పాడు. గంటకు మూడొందల డాలర్ల పైమాటే. మా ఆవిడ రూపాయల్లోకి మార్చి నిట్టూర్చింది.

అవును, ఆవిడకు చెప్పేశాం. బోయినపల్లి మాటే ఎత్తింది. అప్పుడు నాకు నేనే నచ్చజెప్పుకున్న సంగతి ఆవిడకు చెప్పాను. ఢిల్లీలోనైనా, బేగంపేటలోనైనా ఆ విమానాలు నేలకు దగ్గరగా ఉన్నాయి. ప్రదర్శన చూసేవాళ్ల కోసం, కాబట్టి కింద చేస్తారు. పాఠం నేర్చుకునేవాళ్ల కోసం, కాబట్టి పైన చెబుతారు. పైన తప్పు చేస్తే దిద్దుకోవడానికి చోటుంటుంది. ఆవిడ సరేననలేదు, వద్దనీ అనలేదు. మర్నాడు పొద్దున పెరుగన్నం మాత్రం కలిపి ఇచ్చింది.

ఆ శనివారం ముందు గంటసేపు నేల మీదే పాఠం. ఎత్తు సరిపోయిందా, విమానం సిద్ధంగా ఉందా, బెల్టులు బిగించారా, వదులుగా ఏమైనా ఉన్నాయా, ఇంజను బాగుందా, కింద ఊళ్లున్నాయా, చుట్టూ వేరే విమానాలున్నాయా. పల్టీకి ముందు ప్రతిసారీ ఇవన్నీ చూసుకోవాలట. జేబులోని పెన్నూ, చిల్లరా, ఫోనూ అన్నీ తీయించాడు. తలకిందులైనప్పుడు ఒక్క పెన్ను జారి పెడల్ కింద ఇరుక్కున్నా చాలు. మా దగ్గర రాకెట్ దగ్గరికి వెళ్లేముందు పనిముట్లు లెక్కపెట్టుకునే అలవాటు గుర్తొచ్చి నాకు కాస్త ధైర్యం వచ్చింది.

ఆ తర్వాత స్పిన్ నుంచి బయటపడే వరస చెప్పాడు. ఇంజను వేగం తగ్గించు. స్టిక్ పక్కలకు తిప్పకు, మధ్యలో ఉంచు. తిరుగుతున్న వైపుకు ఎదురు పెడల్ తొక్కు. స్టిక్ ముందుకు నెట్టు. తిరగడం ఆగాక పెడల్ వదిలి, మెల్లగా పైకి లాగు. మా అమ్మాయి కళ్లు మూసుకుని, కుర్చీలో కూర్చునే, చేతులతో, కాళ్లతో పదిసార్లు చేసి చూపించింది.

విమానం లేచింది. తూర్పు వైపు పొలాల మీదికి వెళ్లి కనబడకుండా పోయింది.

నా జన్మలో అంత కష్టమైన నిరీక్షణ లేదు. శ్రీహరికోటలో అయితే ప్రతి సెకనుకూ గొంతు వినిపిస్తుంది. తెర మీద గీత కనిపిస్తుంది. ఇక్కడ ఖాళీ ఆకాశం, ఓ చెక్క బల్ల, పక్కన మాట్లాడని మా ఆవిడ. గీత లేని ఆకాశం వైపు నలభై నిమిషాలు చూస్తూ కూర్చున్నాను.

అలా కూర్చుంటే 2010 క్రిస్మస్ రోజు గుర్తొచ్చింది. ఆ సాయంత్రం ఎగిరిన జీఎస్ఎల్‌వీ-ఎఫ్06లో కొన్ని కనెక్టర్లు ఊడిపోయి, కంప్యూటర్ ఆదేశాలు కింది ఇంజన్లకు చేరలేదు. రాకెట్ ఒరిగింది. 64వ సెకనులో దాన్ని పేల్చేయమని నేల నుంచే ఆదేశం వెళ్లింది. అదే సరైన పని. దారి తప్పిన రాకెట్‌కు తిరిగి రావడమన్నది లేదు. జనం మీద పడకుండా ముగించడమే మనం చేయగలిగేది. నేను పెరిగిన విద్య అది. మా అమ్మాయి నేర్చుకుంటున్నది దానికి పూర్తిగా ఎదురు విద్య. దారి తప్పించి మరీ, తిరిగి రావడం నేర్చుకోవడం. నలభై ఏళ్లు నేను ఒక్క విద్యే లోకమనుకున్నాను.

విమానం చప్పుడు ముందు మా ఆవిడకే వినిపించింది. లేచి నిలబడింది.

అమ్మాయి దిగింది. ముఖం పాలిపోయి ఉంది. జుట్టు నుదుటికి అంటుకుపోయింది. చేతిలో మూతి కట్టిన కవరు. ఆ కవరు సంగతి చెప్పనక్కర్లేదు. తల్లి పరుగున వెళ్లి పట్టుకుంది.

"రెండు స్పిన్‌లు ఆయన చేశాడు నాన్నా. మూడోది నేను. లోపలికి వెళ్లగానే చెయ్యి మళ్లీ పక్కకే పోయింది. ఆయన ముట్టుకోలేదు. 'మధ్యలో' అన్నాడంతే. మధ్యలో పెట్టా. ఎదురు పెడల్ తొక్కా. ముందుకు నెట్టా. ఆగిపోయింది నాన్నా! నేల తిరగడం ఆగిపోయింది!"

"మరి తలకిందులు?" అన్నాను.

"ఒక్కటే, చివర్లో. దాని తర్వాతే ఈ కవరు. చాలన్నా. వెంటనే తెచ్చేశాడు."

ఐదో ప్రశ్నకు జవాబు నిజమైంది. నోటు పుస్తకంలో దాని పక్కన టిక్ పెట్టాను. ఆ వేసవిలో తను ఇంకో ఆరు పాఠాలు తీసుకుంది. రోల్ వచ్చింది, లూప్ వచ్చింది. ఈ విద్యలో పోటీలు ఉంటాయట, వాటికి వెళ్లే ఉద్దేశం లేదంది. మళ్లీ ఆదివారాలు తన పాత విమానంలోనే, తిన్నగా, తలపైకి పెట్టుకునే ఎగురుతోంది. ఇప్పుడు స్టాల్ సాధన అంటే చేతులు చెమట పట్టడం లేదట. మేం ఆ పాఠాలకు పెట్టిన డబ్బంతా ఆ ఒక్క మాటకే.

ఈ విషయం పదిమందికి చెబితే పదిమందీ 'ఆడపిల్లకు ఎందుకండీ' అనే అన్నారు. వాళ్లకు ఒకటే చెబుతాను. పిల్లలు ఏదైనా సాహసం నేర్చుకుంటామంటే, ముందు ఎందుకని అడగండి. మా అమ్మాయిలా భయం పోగొట్టుకోవడానికే కావచ్చు. తర్వాత ఐదు ప్రశ్నలు రాసుకుని వాళ్లతో వెళ్లండి. మనం వద్దంటే వాళ్లు మానేయరు. చెప్పడం మానేస్తారు. ఐదు నెలలు నాకు చెప్పకుండా ఆ పిల్ల మోసిన భయం కంటే నన్ను బాధపెట్టింది ఇంకోటి లేదు.

2025 జనవరి 29. శ్రీహరికోట నుంచి నూరో ప్రయోగం. తెల్లవారుజామునే లేచి, మంచులో, పులికాట్ రోడ్డు పక్కన నిలబడ్డాను. నేను చేరినప్పుడు నెల్లూరు జిల్లాగా ఉన్న మా ప్రాంతం 2022 నుంచి తిరుపతి జిల్లా అయింది. చెరువు మాత్రం అదే, కొంగలూ అవే. 6 గంటల 23 నిమిషాలకు జీఎస్ఎల్‌వీ-ఎఫ్15 లేచింది. గీసిన గీత మీదే వెళ్లింది. అలవాటుగా ఊపిరి బిగబట్టి చూశాను.

చప్పుడు సద్దుమణిగాక ఓ గూడబాతు నీళ్ల మీదికి దిగింది. మా కేంద్రానికి పేరున్న సతీష్ ధావన్ గారు పక్షులు ఎగిరే తీరు మీద ఏకంగా పుస్తకమే రాశారు. దిగే ముందు ఆ పక్షి రెక్కలు బాగా పైకెత్తి, వేగం చంపుకుని, దాదాపు స్టాల్ అంచు దాకా వెళ్లి, మెత్తగా నీటిని తాకింది. ఇన్నేళ్లు ఈ రోడ్డు మీద తిరిగాను. ఆ అంచును ఎన్నడూ చూడలేదు.

ఫోన్ మోగింది. డాలస్‌లో అప్పుడు సాయంత్రం.

"చూశావా నాన్నా?"

"చూశానమ్మా" అన్నాను. రాకెట్ గురించే అనుకుని ఉంటుంది.